పండితులును, పల్లెప్రజలును

కొన్ని సంవత్సరముల క్రిందట, వేసవి చివరి దినములలో, ఒక పల్లెయందు రచ్చబండకడ జరిగిన రైతుసభకు నేను పోయియుంటిని. తొలకరి యింకను రాలేదు. వ్యవసాయశాస్త్రమును బాగుగ చదివిన యువకు డొకడు పట్టణమునుండి వచ్చి, వేరుశనగ పైరునుగూర్చి ముప్పావుగంటసేపు ఉపన్యసించెను. ఆతడు చెప్పినదంతయు నిజమే, శ్రద్ధతోనే చెప్పెను. "మృత్తికయందు ఆర్ద్రతాపరిమాణము అనుకూలస్థాయిలో నున్నప్పుడు మాత్రమే బీజవాపనము గావింపవలెను" అనునది ఆ ఉపన్యాసమున ముఖ్యమైన వాక్యము. దానిని ఆతడు మూడుమారులు చెప్పెను. సభ ముగిసిన పిమ్మట ముందువరుసలోని వృద్ధు డొకడు లేచి, "బాబూ, పదునుమీద విత్తుకొమ్మనియే కదా తమరు సెలవిచ్చినది?" అని యడిగెను. యువకుడు క్షణకాల మాలోచించి, ప్రక్కనున్న నావంక తిరిగి, "పదునన నేమండీ?" అని మెల్లగ నడిగెను.

సభలోనివారు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఏలయన, ఆ ముప్పావుగంటలో రైతులకు నిజముగ క్రొత్తదైన సంగతి యొకటి కలదు: విత్తుటకు ముందు గింజలకు మందు పట్టించినయెడల మొలకదశలో వచ్చు కుళ్ళు చాలవరకు తగ్గునని ఆతడు చెప్పెను. తిరిగి యింటికి పోవునప్పుడు నలుగురైదుగురను అడిగి చూచితిని. ఆ సంగతి ఒక్కరికిని జ్ఞాపకము లేదు. తమకు తెలిసిన దానినే తెలియని మాటలలో వినివిని వారి చెవులు అలసిపోయినవి. తెలియని దానిని చెప్పువేళకు ఎవరును వినుట లేదు. ఆ యేడు ఆ పల్లెలో ఎన్ని చేలయందు మొలకలు చచ్చెనో లెక్క వ్రాసినవారు లేరు గాని, ఆ నష్టములో కొంత పాలు ఆ ఉపన్యాసపు భాషకు చెందునని చెప్పుటకు నేను సంకోచింపను.

చదువుకొన్నవారికిని సామాన్యజనులకును నడుమ నేర్పడిన యీ యెడబాటునుగూర్చియే నేడు కొంత ముచ్చటింప దలచితిని. దీనిని అహంకారమనియు, అజ్ఞానమనియు రెండుమాటలలో తేల్చివేయుట వాడుక. పల్లెవారు పండితుని గర్వి యందురు. పండితుడు పల్లెవారిని మూర్ఖులనును. నాకు తోచినంతవరకు మూలమున నున్న లోపము వేరు. ఒకరి మాట మరియొకరికి అర్థమైనదో లేదో కనుగొను ఏర్పాటు ఇరువురి నడుమ లేకపోవుటయే ఆ లోపము.

మన తెలుగుదేశమున నీ ప్రశ్నపై పెద్ద వాదము జరిగినది. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును ప్రకటించెను. అది ప్రధానముగ కావ్యభాషకు లక్షణము చెప్పిన గ్రంథము. క్రమముగ బడులలో పిల్లలు వ్రాయవలసిన వచనమునకును ఆ భాషయే ప్రమాణమయ్యెను. ఇంటియందు తల్లితో 'చేశాడు' అను బాలుడు బడియందు 'చేసెను' అని వ్రాయవలెను. వ్రాయనిచో తప్పు. అనగా, విషయమును నేర్చుకొనుటకు ముందు ఆ బాలుడు తన భాషనే మరల నేర్చుకొనవలసి వచ్చెను. చదువుకొన్న యింటి బిడ్డలకు అది కొంత సులభము. కాపు బిడ్డకు, సాలె బిడ్డకు అది రెండవ గోడ.

ఈ చిక్కును గట్టిగ పట్టుకొన్నవారు గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారు. వారు 1863లో శ్రీముఖలింగ సమీపమునందలి పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండిరి. ఆ ప్రాంతపు కొండలలో సవరలు నివసింతురు. వారికి చదువు చెప్పదలచి, పంతులుగారు మొదట తామే శిష్యులై సవరభాషను సవరలయొద్దనే నేర్చుకొనిరి. ఆ భాషకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి; వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను అచ్చుపడినవి. సవర పిల్లలకు సవరభాషలోనే పాఠములు చెప్పించిరి. చదువురానివారి యెదుట విద్యార్థిగ కూర్చుండిన యనుభవము వారికి గలదు గనుకనే, తెలుగు బిడ్డలకు బడిభాషవలన గలుగు కష్టము వారికి స్పష్టముగ కనబడినదని నేననుకొందును.

గురజాడ అప్పారావుగారును ఇదే పక్షమున నిలిచిరి. బడిపిల్లలు తెలుగు వ్యాసమును ఏ భాషలో వ్రాయవలెనను వివాదము 1912 మొదలు 1914 వరకు ముదిరినప్పుడు, అప్పారావుగారు తమ అసమ్మతిని 1914లో దీర్ఘమైన పత్రముగ వ్రాసి సమర్పించిరి. అప్పటికి మాత్రము గ్రాంథికపక్షమే గెలిచెను. 1915లో అప్పారావుగారు గతించిరి. రామమూర్తిపంతులుగారు వెనుదీయక 1919లో 'తెలుగు' అను పత్రికను నడపిరి. ఆ యేడే వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజ మేర్పడగా, తొలుత గ్రాంథికమున అనేక గ్రంథములు రచించిన కందుకూరి వీరేశలింగంపంతులుగారు దానికి అధ్యక్షులైరి.

ఎదుటిపక్షమువారిని ప్రజాద్వేషు లనుట న్యాయము కాదు. జయంతి రామయ్యపంతులుగారు మొదలగువారు భాషాప్రేమ గలవారే. వాడుకమాటకు తలుపు తీసినయెడల జిల్లాకొక భాష యగుననియు, నన్నయ తిక్కనల కావ్యములు రాబోవు తరములకు అందకపోవుననియు వారు భయపడిరి. ఆ భయము పూర్తిగ వట్టిది కాదు. సూర్యరాయాంధ్ర నిఘంటువువంటి మహాకార్యమునకు పూనుకొన్నదియు వారే. దాని మొదటి సంపుటము 1936లో వెలువడినది. పూర్వకవుల మాటలను ఆ నిఘంటువు భద్రముగ దాచిపెట్టినది. అయితే, బ్రదికియున్న రైతు నోటియందలి మాట యేది, సాలెవాని మగ్గముమీది మాట యేది అని యడుగుట ఆ కార్యమున ప్రధానోద్దేశము కాదు. ఆ మాటలు నిఘంటువునకు వెలుపలనే నిలిచిపోయినవి.

వానిని లోపలికి తెచ్చిన పని తరువాతి తరమువారు చేసిరి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1957లో నెలకొన్న పిమ్మట, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యవమున మాండలిక వృత్తిపదకోశమును సిద్ధపరుపనారంభించిరి. వ్యవసాయ పదములతో మొదటి సంపుటము 1962లో వెలువడినది. చేనేత పదముల సంపుటము 1971లో వచ్చినది. ఈ కార్యమునకు వారు పాతగ్రంథములను విప్పి కూర్చుండలేదు. ప్రశ్నలపట్టిక చేతబట్టి మనుష్యులు పల్లెలకు పోయిరి. రైతును పలుకరించి, ఈ పనిముట్టునకు మీరేమి పేరు పెట్టితిరి, దీని భాగములెవ్వి, ఈ పనిని ఏమందురు అని యడిగి, ఆతడు పలికినది పలికినట్లు వ్రాసికొనిరి. ఒకచోట నాగలి, ఒకచోట మడక, మరియొకచోట అరక. మేడి, కర్రు, నొగ, కాడి, గొర్రు, గుంటక యని ఒక్కొక్క పనిముట్టునకు, ఒక్కొక్క భాగమునకు పేరు గలదు. అక్షరము రాని రైతు ఆ పుస్తకమునకు ఆచార్యుడు. విశ్వవిద్యాలయమున చదివినవాడు వ్రాయసకాడు.

ఈ పేరులు వట్టి పేరులు కావు. ఒక్కొక్కదానియందు కొన్నితరముల పరిశీలన యిమిడియున్నది. 'పదును', 'అదను' అను రెండు చిన్న మాటలను చూడుడు. నేలయందు తడి విత్తుటకు సరిపోయిన స్థితి పదును. పనికి తగిన కాలము అదను. శాస్త్రజ్ఞుడు ఈ రెంటికిని పొడవైన వాక్యములు వ్రాయవలసి యుండును. అటులనే మన కార్తెలు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమునందు సుమారు పదుమూడున్నర దినము లుండునని లెక్కగట్టి, సంవత్సరమును ఇరువదియేడు భాగములుగ చేసిరి. రోహిణికార్తె మే నెల చివరి వారమునను, మృగశిర జూన్ మొదటి వారము దాటునప్పటికిని ప్రవేశించును. 'జూన్ రెండవ వారమున విత్తుడు' అని కరపత్రమున నున్నదానిని 'మృగశిరలో విత్తుడు' అని చదివి వినిపించినచో రైతు మనస్సులో ఆ తేదీ వెంటనే తన స్థానమున కూర్చుండును.

మాట తేడా వచ్చినంతమాత్రమున ఏమి మునిగిపోవునని కొందరనవచ్చును. ప్రాణములే పోవచ్చునని చెప్పుటకు పొరుగుదేశపు సంగతి యొకటి వినిపించెదను. 1971లో బంగ్లాదేశపు యుద్ధకాలమున కాందిశీకులు లక్షలకొలది పశ్చిమ బెంగాలునకు వచ్చిరి. బనగావ్ శిబిరమున కలరా వ్యాపించెను. నరములోనికెక్కించు సెలైను చాలక, దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పును, పంచదారవంటి గ్లూకోజును, సోడాను తగుపాళ్ళలో నీటిలో కలిపి రోగులచే త్రాగించెను. నూటికి ముప్పదిమంది వరకు మరణించుచున్నచోట ఆ సంఖ్య నలుగురికన్న తక్కువకు దిగెను. శాస్త్రము ఇంతవరకు గెలిచినది. కాని పల్లెలో పసిబిడ్డకు విరేచనములు పట్టుకొన్నప్పుడు ఈ శాస్త్రము ఆ తల్లికి ఎట్లు చేరవలెను? విరేచనములైనప్పుడు బిడ్డకు నీరే పోయరాదని పెద్దలు చెప్పు వాడుక అనేక ప్రాంతములందు గలదు. ఆ వాడుకవలన ఎందరో పసివారు ఎండి చనిపోయిరి. ప్రజల మాట యంతయు పవిత్రమని నేననుట లేదని ఇందువలన మీరు గ్రహింతురు.

బంగ్లాదేశమున బ్రాక్ అను సంస్థ 1980 మొదలు 1990 వరకు ఇంటింటికిని స్త్రీలను పంపి తల్లులకు ఈ పానీయమును నేర్పించెను. ఒక కోటి యిరువదిలక్షల యిండ్లకు పైగ వారు తిరిగిరి. గ్రాములు, లీటరులు అని చెప్పక, మూడువ్రేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అరసేరు నీరు అని చెప్పిరి. జీతములు నిర్ణయించిన పద్ధతి మిక్కిలి గమనింపదగినది. కొన్ని దినములైన పిమ్మట వేరొకరు పోయి ఆ తల్లిని ప్రశ్నింతురు. ఆమెకు ఎంత జ్ఞాపకమున్నదో దానిని బట్టి నేర్పినవారికి జీతము. చెప్పినదానికి కాదు, విన్నవారికి నిలిచినదానికి కూలి! మన ఉపన్యాసకులకెల్ల ఇట్టి నియమ మున్నచో మన రచ్చబండలపై ఎట్టి భాష వినబడునో ఊహించుకొనుడు.

ఇంత చేసినను తొలుత ఒక వింత కనబడెను. తల్లులు పానీయమును చక్కగ కలుపుచున్నారు, అయినను రోగము వచ్చినప్పుడు చాలమంది వాడుట లేదు. కారణము విచారింపగా, ఆ పల్లెప్రజలు విరేచనములను నాలుగు విధములుగ విభజించి నాలుగు పేరులతో పిలుచుచున్నారనియు, కార్యకర్తలు పలికిన 'డయేరియా' అను పేరును వారు కలరావంటి తీవ్రమైన ఒక్క విధమునకే గ్రహించిరనియు తెలిసినది. తక్కిన మూడు విధములకు ఈ పానీయము వర్తింపదని వారి తలంపు. తప్పు తల్లులది కాదు; వారి వర్గీకరణమును ముందుగ అడిగి తెలిసికొననివారిది. అటుపై కార్యకర్తలు ఆ నాలుగు పేరులను పట్టి బోధించిరి. మగవారికిని సంగతి తెలియవలెనని అంగళ్ళకడను, మసీదులకడను సభలు జరిపిరి. అప్పటినుండి వాడుక పెరిగెను. ఒక్క మాటకు గల అర్థమును సరిగ నడుగుటకును అడుగకపోవుటకును నడుమ పసిబిడ్డల ప్రాణము లుండెనన్నమాట.

ఇక మన నేటి స్థితి. వ్యావహారికము గెలిచినది. పత్రికలు, పాఠ్యపుస్తకములు చాలవరకు వాడుకభాషలోనే వచ్చుచున్నవి. రామమూర్తిపంతులుగారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినముగ జరుపుచున్నారు. అయినను ఎడబాటు తీరినదా? 'చేసెను' పోయి 'చేశాడు' వచ్చినది గాని, దానికి ముందున్న నామవాచకము రైతునకు తెలియనిదే యైనయెడల ప్రయోజన మల్పము. పూర్వము గోడ క్రియాపదమునం దుండెను. ఇప్పుడది పారిభాషికపదమునందును, ఇంగ్లీషుపదమునందును నున్నది.

ఉదాహరణమునకు 2015లో కేంద్రప్రభుత్వ మారంభించిన నేల ఆరోగ్యపత్రములను చూడుడు. పొలమునందలి మట్టిని పరీక్షించి, పండ్రెండు అంశములను ఆ పత్రమున వ్రాసియిత్తురు. అందు మొదటివి ఉదజనిసూచిక, లవణసూచిక. ఈ పేరులు చదివి అనేకులు పత్రమును మడిచి చూరులో చెక్కుచున్నారు. కాని దీని సారము మన పెద్దలకు తెలియనిది కాదు. ఉప్పు తెల్లగ పైకి తేలు నేలను మీరు పాలచౌడు అనుచున్నారు. నీరింకక, ఎండిన బిగిసి, నల్లనిజిడ్డు తేలు నేలను కారుచౌడు అనుచున్నారు. లవణసూచిక నాలుగు దాటి, ఉదజనిసూచిక ఎనిమిదిన్నర లోపుగ నున్నది పాలచౌడు. ఉదజనిసూచిక ఎనిమిదిన్నర దాటినది సాధారణముగ కారుచౌడు. పాలచౌడునకు మంచినీరు నిలువగట్టి, ఉప్పు కరగిన పిమ్మట మురుగుకాలువలోనికి తీసివేయవలెను. కారుచౌడునకు అది చాలదు, జిప్సము వేయవలెను. కంటితో మీరు చూచిన భేదమునే శాస్త్రము అంకెలతో కొలిచినది. ఇక, కంటికి తెలియనిది అంకెకు తెలియుట యొకటి గలదు: చౌడు పైకి తేలకముందే, ఇంకను పైరు పండుచుండగనే, సూచిక పెరుగుచుండుటను పరీక్ష పట్టియిచ్చును. అందుచేత పత్రమును చూరులో చెక్కిన రైతు నష్టపోవుచున్నాడు. 'చౌడు' అను మాటను పత్రమున వ్రాయని అధికారియు తన శ్రమను వ్యర్థము చేసికొనుచున్నాడు.

ఇంతకును నేనును ఈ ప్రసంగమును గ్రంథధోరణిలోనే చేయుచున్నానని మీలో కొందరనుకొనుచుందురు. నిజమే. భారతభాగవతములు చదివిన పెద్దలు మీరు గనుక ఈ ధోరణి మీకు చెల్లును. ఎవరికి చెప్పుచున్నామను ఎరుకయే ఇందు ప్రధానము. మన పల్లెలలో పూర్వము పురాణకాలక్షేపము ఎట్లు జరిగెడిదో జ్ఞాపకము చేసికొనుడు. పౌరాణికుడు పద్యమును రాగముతో చదువును. వెంటనే దాని యర్థమును మనమాటలలో విప్పిచెప్పును. వినువారు 'ఊఁ' కొట్టుచుందురు. 'ఊఁ' ఆగినచో ఆయన ఆగి, మరియొక విధముగ, ఊరిలోని సంగతిని పోలికగ తెచ్చి చెప్పును. పద్యము చెడలేదు, వినువాడును వెలియై పోలేదు. నేటి శాస్త్రమునకు అట్టి పౌరాణికులు కావలసియున్నారు. ఆ పదవికి చదువు నేర్చిన గ్రామపెద్దలకన్న తగినవారు నాకు కనబడుట లేదు. పుస్తకపు మాటయు, పొలపు మాటయు రెండును మీకు తెలియును.

అందుచేత మీకు మూడు విన్నపములు చేసి ముగించెదను. మొదటిది: మీ యూరికి వచ్చిన శాస్త్రజ్ఞునిగాని వైద్యునిగాని అర్థము కానిచోట మొగమోటము లేక ఆపి యడుగుడు. 'మీరు చెప్పినది ఇదియే కదా' అని మీ మాటలలో తిరిగి చెప్పి చూపుడు. పొరపాటున్నయెడల అక్కడనే బయటపడును. అర్థము కాకున్నను తలయూచి పంపుట మర్యాద కాదు. అది ఇరువురికిని నష్టము. రెండవది: మీ యూరికి వచ్చిన పత్రమును, కరపత్రమును చూరునకు పోనీయక, నలుగురిని కూర్చుండబెట్టి చదివి, కార్తెలలోనికి, చౌడులోనికి, పదునులోనికి మార్చి చెప్పుడు. మూడవది: మీ యూరి పనిముట్లకు, నేలలకు, విత్తనములకు, రోగములకు గల పేరులను ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచుడు. ట్రాక్టరు వచ్చిన పల్లెలలో మేడి యన నేమో, నొగ యన నేమో తెలిసిన పిల్లలు తగ్గిపోవుచున్నారు. 1962 నాటి పదకోశమునకు మాటలిచ్చిన రైతులలో నేడు జీవించియున్నవా రరుదు. మరల నడుగుటకు వచ్చినవానికి మీ పుస్తకము దొరకవలెను.

ఆ రచ్చబండ సంగతి పూర్తిచేయలేదు. 'పదునన నేమి' అని యువకుడడిగినది ఆ వృద్ధుడును విన్నాడు. ఆతడు నవ్వక, ప్రక్కనున్న దొడ్డిలోనికి యువకుని తీసికొనిపోయి, తడిపిన పాదునుండి గుప్పెడు మట్టి తీసి, గట్టిగ పిడికిలించి, చేయి విప్పి చూపెను. మట్టి ముద్దగట్టినది, అరచేతికి అంటలేదు, వ్రేలితో తాకగనే పొడిపొడిగ విడిపోయినది. "ఇది పదును, బాబూ" అనెను. యువకుడు తానును గుప్పెడు మట్టి తీసి పిడికిలించి చూచి, జేబులోని పుస్తకము తీసి వ్రాసికొనెను. మరుసటి యేట ఆతడే ఆ యూరికి మరల వచ్చినప్పుడు నేనచ్చట నుంటిని. ఆ మారు ఉపన్యాసము పది నిమిషములే. "పదునుమీదనే విత్తుడు, విత్తుటకు ముందు గింజకు మందు పట్టింపుడు" అని చెప్పి, మందు పట్టించు విధమును చేటలో చేసి చూపెను. ఆ సాయంత్రము ఆ వృద్ధుని యింటి అరుగుమీద ఎనిమిదిమంది రైతులు తమ విత్తనపు మూటలతో కూర్చుండియుండిరి.